నొక్కి చూసినవాళ్ళదే ఎంపిక

చిక్కడపల్లిలో మేము వారానికోసారి వెళ్ళే టిఫిన్ హోటల్ ఒకటుంది. సర్వర్ వచ్చి నీళ్ళ గ్లాసులు పెట్టి, మా ఆయన మొహం చూసి అడుగుతాడు: "మేడమ్‌కు ఏం తెమ్మంటరు సార్?" నేనూ అక్కడే ఉంటాను. కళ్ళజోడు పెట్టుకుని, మెనూ చేతిలో పట్టుకుని, బతికే ఉంటాను. మా ఆయన ఒక క్షణం ఆలోచించి "ఉప్మా" అంటాడు. నాకు ఉప్మా పడదు. ఈ సంగతి పెళ్ళయిన కొత్తలో ఒకసారి చెప్పాను. మళ్ళీ గుర్తు చేద్దామనుకునేలోపే ప్రతిసారీ ఉప్మా వచ్చేస్తుంది. మర్యాదగల సర్వర్. మర్యాదగల భర్త. ఉప్మా కూడా మర్యాదగానే ఉంటుంది, పైన జీడిపప్పు పెట్టి.

ఇదేమంత పెద్ద విషయం కాదు. ప్లాస్టిక్ సర్జరీలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అనుభవాలు రాయమంటే కూర్చున్నాను. మొదట గుర్తొచ్చింది ఇదే కాబట్టి ఇదే రాశాను.

ఏం పని చేశాను

నారాయణగూడలో ఒక నర్సింగ్ హోమ్‌లో సర్జన్ ఉద్యోగం. మీరు అనుకునేంత గ్లామర్ లేదు. కుక్కర్ పేలి కాలిన చేతులు, మిషన్లో పడ్డ వేళ్ళు, పుట్టుకతో చీలిన పెదవులు, పెళ్ళికి ముందు తీసేయమని వచ్చే పచ్చబొట్లు. మధ్యమధ్యలో, రొమ్ముకు ఇంప్లాంట్ పెట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్ళు. సంఖ్యలో తక్కువే. కానీ ఈ ఊరి గురించి, మన వృత్తి గురించి నాకు తెలిసిన దాంట్లో ఎక్కువ భాగం వాళ్ళే నేర్పారు.

వాళ్ళ ముందు మేము ఒక స్టీలు ట్రే పెట్టేవాళ్ళం. అందులో శాంపిళ్ళు. ఉప్పునీళ్ళు నింపేవి కొన్ని, జెల్ నింపినవి కొన్ని. గుండ్రంవి కొన్ని, పైన పలచగా, కింద నిండుగా, నీటి బొట్టు ఆకారంలో కొన్ని. ఒకదాని పైపొర నున్నగా, ఒకదానిది గరుకుగా. ట్రే పెట్టేది పేషంటు కోసం. కానీ ట్రే టేబుల్ మీద పెట్టగానే చెయ్యి చాపేది పేషంటు కాదు. భర్త చాపుతాడు. వదిన చాపుతుంది. ఒకసారి అయితే, వాళ్ళను కారులో తీసుకొచ్చిన పక్కింటాయన చాపాడు. టమాటాలు ఏరినట్టు ఒకటి నొక్కి, పక్కన పెట్టి, ఇంకోటి నొక్కి, "ఇది మంచిగుంది డాక్టర్ గారూ" అని తేల్చేస్తారు. పేషంటు చేతులు మాత్రం ఒళ్ళోనే ఉంటాయి.

ఎవరు మొదట నొక్కితే వాళ్ళే ఎంపిక చేస్తారు. ఇది నేను చాలా ఏళ్ళు చూశాను, మినహాయింపు కనపడలేదు. అందుకే ఒక రోజు నుంచి ట్రేను టేబుల్ మీద కాకుండా పేషంటు ఒళ్ళో పెట్టడం మొదలుపెట్టాను. ఆడమనిషి ఒళ్ళోంచి వంగి తీసుకోవడానికి ఎంతటివాడైనా కొంచెం మొహమాటపడతాడు. నా వృత్తిజీవితంలో నేను కనిపెట్టిన పద్ధతి ఇదొక్కటే. ఏ పత్రికా అచ్చు వేయలేదు.

పెద్ద సారు

నర్సింగ్ హోమ్ ఓనర్ కూడా ప్లాస్టిక్ సర్జనే. అందరం పెద్ద సారు అనేవాళ్ళం. చెడ్డవాడని రాస్తే మీకు సులువుగా ఉంటుంది, నాకూ సులువుగా ఉంటుంది, కానీ కాదు. ఆయన కుట్టు చూస్తే నాకు ఈ రోజుకీ అసూయే. పనివాళ్ళ పిల్లల ఫీజులు కట్టేవాడు. పండక్కి మా ఇంటికి మిఠాయి పంపేటప్పుడు డబ్బా మీద నా పేరే రాయించేవాడు, మా ఆయనది కాదు.

ఆయనకున్న జబ్బు ఒక్కటే: అన్ని ఒళ్ళకూ ఒకటే సమాధానం. విదేశంలో ఒక వర్క్‌షాప్‌కు వెళ్ళొచ్చాక ఆయనకు సత్యం దొరికింది. నీటి బొట్టు ఆకారం, గరుకు పొర, ఛాతీ కండరం కింద. వచ్చినవాళ్ళు పొట్టా పొడుగా, సన్నమా లావా, టీచరా డాన్సరా, అందరికీ ఇదే. మరో కారణం కూడా ఉంది. అల్మారా నిండా ఉన్నవి అవే. వాటిని అమ్మే కంపెనీ వాళ్ళు ఆయన్ను ప్రొఫెసర్ అని పిలిచేవాళ్ళు. ఆయన ప్రొఫెసర్ కాదు. ఆ ఒక్క పిలుపుతో అల్మారా నిండిపోయింది.

చిన్నవాళ్ళకు ఇక్కడ ఒక మాట. మీ అల్మారాలో ఉన్నదే పేషంటుకు సరిపోతుందని మీకు నిజాయితీగా అనిపించడం మొదలైన రోజున కొన్నాళ్ళు సెలవు పెట్టండి. అబద్ధంగా అనిపిస్తే పరవాలేదు, అప్పటికింకా మీలో డాక్టర్ మిగిలి ఉన్నట్టే.

సరిత

సరిత అసలు పేరు కాదు. ఎస్సై ఉద్యోగానికి తయారవుతూ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండేది. అశోక్‌నగర్ అంటే మీకు తెలుసు: ఒక్కో గదిలో నాలుగు మంచాలు, నాలుగు మంచాల కింద నలుగురి భవిష్యత్తు జిరాక్స్ కాగితాల రూపంలో. ఆమెకు ఒకవైపు రొమ్ము ఎదగలేదు. కొందరికి అలా జరుగుతుంది, ఎవరి తప్పూ కాదు. దూది పెట్టి, గుడ్డ పెట్టి నెట్టుకొచ్చింది. కానీ పోలీసు ఉద్యోగానికి పరుగు ఉంటుంది. పొద్దున్నే ఇందిరా పార్కు దగ్గరి గ్రౌండులో పరిగెత్తితే దూది జారిపోయేది.

అక్క, బావలతో వచ్చింది. బావ గవర్నమెంటు స్కూల్లో సైన్సు టీచరు. అన్నీ యూట్యూబ్‌లో చూసి వచ్చాడు. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆయనే జవాబు.

"ఎప్పటి నుంచి ఇబ్బంది?"

"చిన్నప్పటి సంది మేడమ్."

"నెలసరి సరిగ్గా వస్తుందా?"

"ఆఁ, వస్తది మేడమ్."

అక్క నేల చూపులు చూసింది. నేను ట్రే తీసి సరిత ఒళ్ళో పెట్టాను. బావ చెయ్యి సగం దూరం వచ్చి ఆగిపోయి, వెనక్కి వెళ్ళి జేబులో పెన్ను సర్దుకుంది. పద్ధతి పనిచేసింది.

"రోజూ ఏమేం చేస్తావమ్మా?" అన్నాను సరితనే చూస్తూ.

బావ నోరు తెరిచేలోపే ఆమె అంది: "ఉరుకుడు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ మేడమ్. గండ్ల షాట్‌పుట్లనే జర వీక్. గుండు దూరం పోతలేదు."

"గుండు ఏ చేత్తో?"

"కుడి."

"ఎదగనిది ఏ వైపు?"

"గదీ కుడే."

నేను పెన్ను కింద పెట్టాను. బావ "అంటే?" అన్నాడు. ఆ రోజు ఆయన అడిగిన మొదటి నిజమైన ప్రశ్న అది.

ఆమెకు చెప్పింది

మీరూ రేపు ఇదే చెప్పాల్సి వస్తుంది కాబట్టి వివరంగా రాస్తాను.

ఇంప్లాంట్‌ను కండరం కింద పెడితే అంచులు కనపడవు, సన్నగా ఉన్నవాళ్ళకు అందంగా ఉంటుంది. కానీ దానికోసం కండరాన్ని కింది భాగంలో కొంత విడదీయాలి. చేత్తో బలంగా నెట్టినప్పుడు కండరం బిగుసుకుని ఇంప్లాంట్‌ను పైకీ పక్కకీ తోస్తుంది. కొందరికి ఆ బలం కొంచెం తగ్గుతుంది. చాలామందికి అది తెలియను కూడా తెలియదు, ఎందుకంటే చాలామంది ఇనుప గుండు విసరరు. కండరం పైన పెడితే బలానికి ఢోకా లేదు, కానీ సరితలాంటి సన్నటి మనిషికి అంచు చేతికి తగులుతుంది, వంగితే చర్మం మీద ముడతలు కనపడొచ్చు.

ఉప్పునీళ్ళది చిరిగితే వెంటనే తెలుస్తుంది, చదునైపోతుంది. నీళ్ళను ఒళ్ళు పీల్చుకుంటుంది. కానీ సన్నటివాళ్ళలో ముడతలు ఎక్కువ. జెల్‌ది ముట్టుకుంటే సహజంగా ఉంటుంది, కానీ చిరిగినా ఏళ్ళ తరబడి చప్పుడు చేయదు, స్కానింగ్ తీస్తే తప్ప బయటపడదు. నీటి బొట్టు ఆకారం నిలబడితే బాగుంటుంది, లోపల తిరిగిపోతే ఆకారమే మారిపోతుంది. అది తిరక్కుండా పట్టుకోవడానికే గరుకు పొర. గుండ్రంది తిరిగినా ఎవరికీ తెలియదు, కాబట్టి నున్నగా ఉన్నా చాలు. ఏది పెట్టినా జీవితాంతం ఉంటుందని నమ్మొద్దు. అసలు పరీక్షలు అయ్యేదాకా ఏదీ పెట్టకుండా ఆగడం కూడా ఒక దారే, అన్నిటికన్నా మంచి దారి అదేనని నా సలహా.

సరిత అంతా విని, "ఆగుడు కాదు మేడమ్," అంది. "మొన్న ఉరుకుతుంటె దూది కింద పడ్డది. ఎనక వచ్చే పిల్ల ఏరి ఇచ్చింది. 'అక్కా, నీదేనా?' అని అడిగింది. అందరు విన్నరు. రెండు రోజుల సంది గ్రౌండుకు పోతలేను. పోకపోతె పరీక్షేంది, పాసయ్యేదేంది?"

పాఠ్యపుస్తకాల్లో వేచి ఉండమని రాసేవాళ్ళు ఆ గ్రౌండులో పరిగెత్తరు.

బియ్యం పొట్లం

సైజు తేల్చడానికి మన దగ్గరొక నాటు పద్ధతి ఉంది. సన్న బియ్యం పాలిథిన్ కవర్లో పోసి, ముడేసి, మెత్తటి గుడ్డలో కుట్టి, బ్రాలో పెట్టుకుని వారం రోజులు మామూలుగా తిరగమంటాం. ఇంట్లో పనిచేసుకుంటూ, బస్సెక్కుతూ. బరువు ఎంత ఇబ్బందో, అద్దంలో ఎలా ఉందో మనిషికే తెలుస్తుంది. సరితను దాంతో గ్రౌండుకు వెళ్ళమన్నాను, గుండు విసరమన్నాను.

మళ్ళీ వచ్చినప్పుడు బావ బయట ఫోన్లో ఉన్నాడు. నవ్వు ఆపుకుంటూ కూర్చుంది.

"ఏమైంది?"

"మొదాలు పెద్ద పొట్లం పెట్టుకున్న మేడమ్. గుండు ఇసిరిన. గుండు గాడ పడ్డది, బియ్యం ఈడ పడ్డయి. కోచ్ సార్ చూసి, 'ఏందమ్మా, గ్రౌండుకు తలంబ్రాలు పోస్తున్నవా' అన్నడు."

ఇద్దరం చాలాసేపు నవ్వాం. తర్వాత ఆమె ఒక్కసారిగా ఆగి అడిగింది: "కవర్ అయితె పలిగింది. మరి లోపల పెట్టేది?"

అంత సులువుగా పగలదని చెప్పాను. మరి ఏది కావాలని అడిగాను.

"చిన్నదే కావాలె. గుండ్రంది. నున్నగున్నది. జెల్‌ది. కండరం పైన. అంచు చేతికి తాకుతదన్నరు గద? తాకనియ్యిరి. నా చెయ్యే గద తాకేది. గుండైతె దూరం పోవాలె." వేళ్ళు మడుస్తూ ఒక్కొక్కటీ చెప్పింది, పరీక్షలో జవాబు అప్పజెప్పినట్టు. ఒక్కటి కూడా మర్చిపోలేదు.

ఆ రోజు ఇంటికి నడిచి వెళ్తూ నేను ఈల వేసినట్టు గుర్తు. ఏళ్ళ తరబడి ఉప్మా తిన్న మనిషి మొదటిసారి దోసె చెప్పి తెప్పించుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది.

నీట్‌గా వచ్చింది

సర్జరీ రోజు సరితకు మత్తిచ్చాక, నేను చేతులు కడుక్కోబోతుంటే కింది నుంచి కబురు. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర ఒక ప్రెస్సులో కటింగ్ మిషన్ కింద కార్మికుడి వేళ్ళు తెగాయి. వేళ్ళను మంచులో పెట్టి తీసుకొచ్చారు. అలాంటప్పుడు ఆలస్యం పనికిరాదు. పెద్ద సారు వచ్చి, "ఇది చిన్న కేసు, నేను చూస్తాలే, మీరు వేళ్ళు చూడండి" అన్నాడు. మంచి మాటే. గుండ్రంది, నున్నది, కండరం పైన అని నర్సు ముందే చెప్పాను. తల ఊపాడు.

నేను పక్క థియేటర్లో రక్తనాళాలు కుట్టుకుంటూ ఉన్నాను. ఈలోపు ఆయన అల్మారా తెరిచాడు. నున్నటి గుండ్రంది పక్కనే ఉంది, నేనే తెప్పించి పెట్టాను. ఆయనకు మనసొప్పలేదు. అంత సన్నటి పిల్లకు అంచు కనపడేలా పెట్టడం ఆయన చేతికి అవమానం. అయినా చదువుకున్నవాడు కదా, అడక్కుండా చేయడు. కారిడార్లోకి వచ్చి బావను అడిగాడు: "నాచురల్‌గా కనిపించేది పెట్టమంటారా, మామూలుది పెట్టమంటారా?"

ఈ దేశంలో ఆ ప్రశ్నకు మామూలుది అని చెప్పిన మగవాడు నాకింకా తగల్లేదు.

నేను బయటికొచ్చేసరికి అయిపోయింది. నీటి బొట్టు, గరుకు, కండరం కింద. "చూడండి, ఎంత నీట్‌గా వచ్చిందో," అన్నాడు పెద్ద సారు. నీట్‌గానే వచ్చింది. అదే కష్టం. వికారంగా వచ్చి ఉంటే పోట్లాటకు వీలుండేది.

"ఆ అమ్మాయి షాట్‌పుట్ వేయాలి సార్. తను అన్నీ విని, ఆలోచించుకుని చెప్పింది."

"ఇంట్లోవాళ్ళను అడిగే పెట్టాను కదా."

"ఆమెను అడగలేదు."

"మత్తులో ఉన్న మనిషిని ఎలా అడుగుతామండీ?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోయి. తర్వాత నెమ్మదిగా, నాకు నచ్చజెబుతూ, "అందం కోసం వచ్చినవాళ్ళు చివరికి అందమే చూసుకుంటారు," అన్నాడు. ఆ సాయంత్రం అందరికీ సమోసాలు తెప్పించాడు.

తెగిన వేళ్ళు అతుక్కున్నాయి. ఇన్నేళ్ళలో నేను చేసిన మంచి ఆపరేషన్లలో అదొకటి. దాని గురించి ఎవరైనా పొగిడితే నాకు ఇప్పటికీ చిరాకే.

సరితకు నేనే చెప్పాను. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. తర్వాత, "మంచిగనే ఉన్నది మేడమ్," అంది, మా కోసం. బావ నాకు దండం పెట్టాడు. ఆయన మోసం చేయలేదు, మీరు అర్థం చేసుకోవాలి. మరదలికి మేలైనది పెట్టించానని మనసారా నమ్మాడు.

చెప్పిన గడువు దాటాక గ్రౌండుకు వెళ్ళింది. గుండు నెట్టినప్పుడల్లా రొమ్ము ఎగిరి చంక వైపు జరిగేది. టీషర్టు మీద నుంచి కూడా తెలిసేది. దూదికి మించిన తమాషా అయింది. అసలు పరీక్షలో పరుగు నెగ్గింది, జంప్ నెగ్గింది, గుండు మాత్రం గీతకు జానెడు ఇవతలే పడింది. ఆ జానెడు ఇంప్లాంట్ వల్లే తగ్గిందని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. పెద్ద సారుకు చెబితే, "ఆటల్లో గెలుపోటములు మామూలే కదండీ," అన్నాడు.

అది తీసి కండరం పైన వేరేది పెడతానని సరితకు చెప్పాను. "మళ్ళ కొయ్యొద్దు మేడమ్, ఒక్కసారి చాలు," అంది. తర్వాతి నోటిఫికేషన్ వచ్చేసరికి వయసు దాటిపోయింది. ఆమె రావడం మానేసింది.

గరుకు

కొన్నేళ్ళకు విదేశాల నుంచి వార్తలు మొదలయ్యాయి. గరుకు పొర ఇంప్లాంట్లు ఉన్న కొందరిలో, చాలా అరుదుగా, ఇంప్లాంట్ చుట్టూ ఏర్పడే పొరలో ఒక రకం లింఫ్ క్యాన్సర్ వస్తోందని. కొన్ని రకాలను కంపెనీయే వెనక్కి తీసుకుంది. మా అల్మారా ఒక మధ్యాహ్నం ఖాళీ అయింది. పెట్టించుకున్నవాళ్ళకు కబురు చేద్దామన్నాను. "లేనిపోని భయం పెట్టడం ఎందుకండీ, ఇబ్బందైతే వాళ్ళే వస్తారు," అన్నాడు పెద్ద సారు. భయపడాలా వద్దా అన్నది కూడా వాళ్ళ తరఫున మేమే తేల్చేశాం అన్నమాట.

నేను గుర్తున్నవాళ్ళకు ఫోన్లు చేశాను. కొందరు దొరికారు. ఒకరిద్దరి భర్తలు ఎత్తి, "చెప్పండి, నేను తనకు చెప్తాను," అన్నారు. సరిత నంబరు మారిపోయింది. అంబర్‌పేట్‌లో అక్క వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే, బదిలీ మీద వెళ్ళిపోయారన్నారు.

రిటైరయ్యాక ఒక రోజు అశోక్‌నగర్‌లో మందుల షాపుకు వెళ్తుంటే కరెంటు స్తంభం మీద ఫ్లెక్సీలో సరిత కనిపించింది. కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ. వరసగా ఫ్యాకల్టీ ఫొటోలు, చేతులు కట్టుకుని. కింద పేరు, పక్కన 'అర్థమెటిక్'. ఆ స్తంభానికి నేను నమస్కారం పెట్టలేదు, అదొక్కటే తక్కువ.

మెట్లెక్కి వెళ్ళాను. క్లాసుకు క్లాసుకు మధ్య టైము. గది బయట పిల్లలు చెప్పుల గుట్ట పక్కన నిలబడి లెక్కల మీద కొట్లాడుకుంటున్నారు. నన్ను చూడగానే గుర్తుపట్టింది. ఒళ్ళు కొంచెం వచ్చింది. చేతిలో మార్కర్ ఉంది.

"మేడమ్, మీరేంది ఇటు? కూసోండి. చాయ్ తెప్పియ్యాల్నా? చక్కెర ఏసుకుంటరా?"

నన్నే అడిగింది. వద్దన్నాను.

కూర్చుని చెప్పాను. తొందర పడకుండా, దాచకుండా. లోపలున్నది గరుకు రకమని. ఆ జబ్బు చాలా అరుదని, కానీ ఉందని. ఉన్నట్టుండి ఒకవైపు వాపు వచ్చినా, గడ్డ తగిలినా, నొప్పి ఉన్నా ఆగకుండా రావాలని. ఏ ఇబ్బందీ లేకపోతే భయపడి పరుగున తీయించుకోవాల్సిన పని లేదని. చూపించుకుంటూ అలాగే ఉంచుకోవచ్చని, తీయించి వదిలేయొచ్చని, తీసి నున్నది పెట్టించుకోవచ్చని. ఒక్కోదాంట్లో మేలేంటో, కీడేంటో. ఏది చేసినా తనిష్టమని, ఎవరూ తొందరపెట్టరని, నేను పక్కన ఉంటానని. మధ్యలో రెండు ప్రశ్నలు అడిగింది, రెండూ సరైన ప్రశ్నలే. వాపు లేదంది. మిగతాదంతా మార్కర్ మూత తీస్తూ, పెడుతూ విన్నది.

బయట బెల్లు కొట్టారు. పిల్లలు లోపలికి తోసుకుని వస్తున్నారు. సరిత లేచి బోర్డు తుడిచింది. తుడుస్తూనే, నా వైపు తిరక్కుండా అంది:

"అప్పుడు గూడ మీరు ఇట్లనే మస్తు మంచిగ చెప్పిండ్రు, మేడమ్."